ఊపిరి లెక్కపెట్టే ఈగలు

గాజుపెట్టెలో ఈగలు తలలు పగలగొట్టుకుంటున్నాయి.

ఆ చప్పుడు ఈదమ్మకు వరండాలో ఉండగానే వినిపించింది. రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు టపటపా, ఎడతెరిపి లేకుండా. ఆమె చేతిలో కూతురి అన్నం క్యారియర్ ఉంది. కూతురేమో లోపల ఉంది. ఇంకేమీ ఆలోచించకుండా భుజంతో తలుపు నెట్టుకుని లోపలికి వచ్చి పడింది.

గోడంత గాజుపెట్టె అది. అందులో వేలాడే తేనెపట్టు ఖాళీ అయిపోయి, దాని మీదుండే వేల ఈగలు గుంపు కట్టి గాజును గుద్దుతున్నాయి. గుద్దిన చోటల్లా పసుప్పచ్చ మరక. కిందపడ్డవి ఇంకా కాళ్ళు కొట్టుకుంటూ ఉండగానే, వాటి మీదుగా వెనకవి వచ్చి గుద్ది చస్తున్నాయి. పెట్టెకు ఇవతల, ఆ ల్యాబులో పనిచేసే రేణుక, ఈదమ్మ ఒక్కగానొక్క కూతురు, నోటికి పైట అడ్డం పెట్టుకుని గోడకు అతుక్కుపోయి ఉంది. ఆ ఈగల మీద పరిశోధన చేసే డాక్టర్ హైమవతి మాత్రం కుడిచేతి రెండు వేళ్ళూ నోట్లో పెట్టుకుని, కాలిన వేళ్ళను చప్పరించినట్టు చప్పరిస్తోంది.

"ఏమైందే? కుట్టినాయా? ఏదీ, ముఖం చూపించు!"

"నాకేం కాలేదమ్మా. గాజు ఉందిగా మధ్యలో."

"మరవి అట్టా చస్తన్నాయేంది?"

రేణుక హైమవతి వైపు చూసింది. వద్దన్నట్టు చిన్నగా తలూపింది. ఆ తలూపడం ఈదమ్మ కంటపడింది గానీ దానికి అర్థం తెలియలేదు.

"గది వేడెక్కింది ఈదమ్మా. అంతే" అంది హైమవతి.

గదిలో అగరొత్తి వాసన. శుక్రవారం కదా, రేణుక పటానికి వెలిగించి ఉంటుంది. ఈదమ్మ అంతవరకే అనుకుంది. క్యారియర్ బల్ల మీద పెట్టి, కూతురి మెడా, చేతులూ ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకుని ఇంటికి పోయింది.

ఎక్కువ భయపడే మనిషికి అదొక శాపం. ఆమెను భయపెట్టడం ఎందుకులే అని, చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె దగ్గర నిజాలు దాచిపెడతారు.

ఈదమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. నల్లమలలో మొర్రిపెంట అనే చెంచుగూడేనికి జుంటిదొన లోయే బతుకు. లోయ ఒక పెద్ద గిన్నెలా ఉంటుంది. ఒక పక్క జలపాతం, దాని కింద దొన అనే నీటిమడుగు, ఒక పక్క నిట్టనిలువు రాతిగోడ, ఆ గోడకు చేటలంతేసి తేనెపట్లు. మగవాళ్ళు పైనుంచి నార తాడు పట్టుకుని దిగి తేనె కోస్తారు. పైన తాడు దగ్గర మాత్రం దిగినవాడి బావమరిదే కూర్చోవాలి. అన్నదమ్ములు పనికిరారు. సొంత అక్క పసుపుకుంకాలు తీసే పని ఎవడూ చెయ్యడు కదా, అందుకని.

ఈదమ్మ మొగుడు పోతయ్య ఆఖరిసారి దిగినప్పుడు పైన కూర్చున్నది ఆమె తమ్ముడు బయ్యన్నే. పోతయ్య చేతిలో పచ్చాకుల పొగకట్ట ఉంది. జలపాతం తుంపర పడి అది ఆరిపోయింది. ఈగలు అతని మీద గొంగడి కప్పినట్టు పరుచుకున్నాయి. తాడు రెండుసార్లు గుంజుకుంది. లాగమని గుర్తు అది. బయ్యన్న అరచేతులు చీరుకుపోయేట్టు లాగాడు. సగంలో తాడు తేలికైపోయింది. పక్కనే నిలబడ్డ ఈదమ్మ తమ్ముడి ముఖం చూసి, కిందికి చూడకుండానే అంతా తెలుసుకుంది.

అప్పటినుంచీ ఆమె మనసులో ఒకటే మాట పాతుకుపోయింది. పొగ ఉంటే బతికేవాడు. ఎండుగడ్డి లోపల, పచ్చాకులు పైన చుట్టి, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఎక్కడికి పోయినా ఒక పొగకట్ట చంకన పెట్టుకుని పోతుంది.

"మా అక్క పెళ్ళికి పోయినా పొగకట్టతోనే పోతది. పంతులుగారు హోమానికి వెతుక్కోబళ్ళే" అని బయ్యన్న నలుగురిలో నవ్వించేవాడు.

"నవ్వరా నవ్వు. నీ అక్కను గదా, నవ్వుకో" అనేది ఈదమ్మ, సంచి ఇంకొంచెం దగ్గరికి లాక్కుని.

తర్వాత జుంటిదొనకు యాత్రికులు వచ్చారు. ఒక బస్సుతో మొదలై బారులు తీరాయి. దొనలో సీసాపెంకులు, ఒడ్డున బిర్యానీ ఎముకలు, పెద్ద పెద్ద స్పీకర్లు. వీడియో కోసం పట్ల మీద రాళ్ళు విసిరేవాళ్ళు. నీళ్ళలో చేపలు తెల్లటి పొట్టలు చూపిస్తూ తేలాయి. నీటికుక్కలు తమ పిల్లల్ని నోట కరుచుకుని వెళ్ళిపోయాయి. లోయ మూసేస్తామంది అటవీశాఖ. మూస్తే మాకు తిండెట్లా అన్నారు గైడు పని చేసుకునే పెంటవాళ్ళు. మా పెట్టుబడి ఏం కావాలన్నారు రిసార్టువాళ్ళు.

ఆ గొడవ మధ్యలో వచ్చింది హైమవతి.

"గేటు దగ్గర మనిషిని పెడితే బెదిరిస్తారు, బతిమాలతారు. ఈగను ఎవరు బతిమాలగలరు?" అంది.

తాను మార్చిన ఈగల పట్టు ఒకటి తెచ్చి చింతకొమ్మకు కట్టింది. చుట్టూ గుడారం వేయించి పెంటవాళ్ళను ఒక్కొక్కరినే లోపలికి రమ్మంది. అయిదుగురు పోయేవరకు పట్టు కదల్లేదు. ఆరో మనిషి అడుగు పెట్టగానే ఈగలన్నీ ఒక్కసారి నడుములెత్తాయి. పట్టు మీద నల్లటి అల ఒకటి పైనుంచి కిందికి పాకింది. సర్రుమని చప్పుడు. ఒకణ్ణి బయటికి పంపితే అల ఆగిపోయింది.

"మనం విడిచే ఊపిరిని ఇవి లెక్కపెడతాయి. జుంటిదొన గిన్నెలో ఊపిరి కిందనే నిలబడిపోతుంది. మూడొందల మందికి మించితే ఇట్లా అల చూపిస్తాయి. అల చూసి జనం మెల్లగా వెళ్ళిపోతే ఎవర్నీ ఏమీ చెయ్యవు. ఈ ఒక్క పట్టు చాలు, దీని వాసన పట్టుకుని మిగతా పట్లన్నీ లేస్తాయి."

"పోకపోతే?" అని అడిగింది ఈదమ్మ. అలాంటి ప్రశ్న అడిగేది ఆమె ఒక్కతే.

హైమవతి జవాబు చెప్పేలోపే బయ్యన్న అందుకున్నాడు. "ఊరుకో అక్కా, పోకేం, నీలాంటోళ్ళు ఇద్దరుంటే అల రాకముందే పోతారు." అందరూ నవ్వారు. ప్రశ్న ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

అయితే పని జరిగింది. ఆ పట్టును రాతిగోడ మధ్య నెర్రెలోకి చేర్చారు. ఈగలున్నాయని తెలిసి జనం లెక్కగా రాసాగారు. అల కనబడగానే, ల్యాబు పనితోపాటు గైడు పనీ చేసే రేణుకలాంటివాళ్ళు ఎర్రగుడ్డ ఎత్తేవాళ్ళు, జనం బుద్ధిగా వరసలో మెట్లెక్కి వెళ్ళిపోయేవాళ్ళు. నీళ్ళు తేటపడ్డాయి. రెండు వానాకాలాలు తిరిగేసరికి నీటికుక్కలు మళ్ళీ వచ్చి రాళ్ళ మీద ఎండ కాగుతున్నాయి. ల్యాబులో ఈగలు చచ్చిన ఆ వారమే లోయ మొదట్లో హైమవతి 'పొగ పెట్టరాదు' అని బోర్డు పెట్టింది. అడవి నిండా అటవీశాఖవాళ్ళ బోర్డులు అలాంటివే. దాన్నెవరూ ప్రత్యేకంగా చూడలేదు.

జుంటిదొనకు అవార్డు వచ్చింది. ప్రకృతికి హాని చెయ్యని పర్యాటకమట. ఆ అవార్డు లోయలోనే ఇవ్వాలని రిసార్టు మేనేజర్ నిరంజన్ పట్టుబట్టాడు. దొన పక్క బండ మీద స్టేజీ, ఎర్ర తివాచీ, మైకులు.

"సార్, మూడొందలు నిండిపోయారు" అంది గేటు దగ్గర రేణుక.

"వీళ్ళు టూరిస్టులు కాదమ్మా, గెస్టులు."

"గెస్టులు ఊపిరి పీల్చరా సార్?"

నిరంజన్ పక్కవాళ్ళతో కలిసి గట్టిగా నవ్వాడు. "మీ మేడమ్ నీకు బాగానే నేర్పింది. గేటు తియ్యి. గంటలో అయిపోతుంది."

హైమవతి వచ్చి వాదించింది. అవార్డు తీసుకునేది మీరే కదా మేడమ్, పెద్దవాళ్ళను నిలబెట్టేస్తామా అన్నాడు నిరంజన్. ఆమె రేణుకను పిలిచి, అల రాగానే అందరినీ పంపేద్దాం, కొంచెం వేగంగా పంపితే చాలు అంది. ఇన్నాళ్ళూ పంపుతూనే ఉన్నారు కదా అనుకుంది.

రాతిగోడ పైన బయ్యన్న నార తాడుతో కూర్చున్నాడు. చెంచులు తేనె ఎలా కోస్తారో ఫొటోల కోసం తాడు కిందికి వదిలి చూపించాలట. పక్కన ఈదమ్మ, చంకలో సంచి. కింద జనం చీమల్లా ఉన్నారు. ఆ చీమల్లో ఎర్రగుడ్డ పట్టుకున్నది తన బిడ్డ. ఈదమ్మ కన్ను ఆ గుడ్డ మీదే ఉంది.

ఎవరో ఉపన్యాసం మొదలుపెట్టారు. అప్పుడే అల వచ్చింది.

ఒక పట్టు మీద మొదలై పక్క పట్టుకు, ఇంకో పట్టుకు, గోడంతా నల్లగా కదిలింది. ఎర్రగుడ్డ పైకి లేచింది. జనం లేచి మెట్ల వైపు నడిచారు. తోపులాట లేదు. ఇంకొంచెం సేపు గడిస్తే ఏమీ అయ్యేది కాదు.

రేణుక అందరికన్నా వెనక, సరిగ్గా పట్ల కింద నిలబడి జనాన్ని సాగనంపుతోంది. పైనుంచి సన్నటి దారంలా కొన్ని ఈగలు ఆమె వైపు దిగాయి. ఈదమ్మ గబగబా సంచి విప్పింది.

కింద రేణుక తలెత్తి చూసింది. తల్లి చేతిలో పొగకట్ట కనబడగానే రెండు చేతులూ తల పైన అడ్డంగా ఊపింది. ఏదో అరిచింది. జలపాతం హోరులో నోరు కదలడం తప్ప మాట రాలేదు. ఈదమ్మ కంటికి ఈగలు ముసిరిన బిడ్డ చేతులతో కొట్టుకుంటున్నట్టు కనిపించింది. పోతయ్య కూడా అట్లాగే కొట్టుకున్నాడు.

"బయ్యన్నా, తాడు కట్టు దీనికి!"

"అక్కా, పొగ వద్దని బోర్డు..."

"బోర్డు మా ఆయన్ని బతికిస్తదా? కట్టరా!"

బయ్యన్న అప్పటి మచ్చలున్న అరచేతులతో కట్టాడు. ఈదమ్మ అగ్గిపుల్ల గీసింది. గడ్డి అంటుకుని, పచ్చాకులు కమిలి, తెల్లటి పొగ చిక్కగా లేచింది. కట్టను పట్ల మధ్యకు దించారు.

గోడ మీద అలలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"చూశావా?" అంది ఈదమ్మ, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. "చూశావా, తగ్గినాయి."

తర్వాత గోడ గోడంతా ఊడి కిందపడింది.

అట్లాగే కనిపించింది ఆమెకు. పట్లన్నీ ఒకేసారి ఖాళీ అయ్యాయి. లోయ మీద చీకటి కమ్మినట్టు అయింది. ఒక భాగం పొగకట్టను చుట్టుకుంది, మిగతాదంతా జనం మీద పడింది. వరస ఒక్క క్షణం నిలిచి చెదిరిపోయింది. మెట్ల మీద ముందున్నవాళ్ళు పడ్డారు, వెనకవాళ్ళు వాళ్ళ వీపులు తొక్కి ఎక్కారు, ఇనుప కంచె వంగి విరిగి మనుషులతో సహా రాళ్ళ మీద పడింది. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ కళ్ళు రెండు చేతులతో మూసుకుని గుడ్డిగా పరిగెత్తి స్టేజీ అంచు నుంచి జారిపోయింది. దొనలోకి దూకినవాళ్ళ తలలు నీళ్ళ పైకి వచ్చిన చోటల్లా నల్లటి టోపీ పెట్టినట్టు ఈగలు వాలుతున్నాయి. మళ్ళీ మునిగిన తలలు కొన్ని పైకి రాలేదు. నిరంజన్ మైకు పట్టుకుని ఏదో చెప్పబోయాడు. నోరు తెరవగానే నోటి నిండా ఈగలే. అతను దగ్గుతూ, కక్కుతూ, గిలగిల్లాడిన చప్పుడు స్పీకర్లలో లోయంతా వినిపించింది. మైకు బండకేసి కొట్టుకుని కీచుమంది.

ఆ మైకును ఇంకెవరో అందుకున్నారు.

"పొగ తీసెయ్యండి! పైన, పొగ తీసెయ్యండి! అది వేలమంది ఊపిరనుకుంటున్నాయి! పొగలో ఉండేదీ అదే గాలి! తీసెయ్యండీ!"

హైమవతి గొంతు. జలపాతాన్ని మించి వినిపించింది.

ఈదమ్మ ముక్కుకు అగరొత్తి వాసన తగిలింది. ఇప్పటిది కాదు, ఆ శుక్రవారం గదిలోది. గాజు మీద పసుప్పచ్చ మరకలు. కాలిన వేళ్ళు. కూతురి తలూపు. అన్నీ ఒక్కసారి కలిసిపోయి, కడుపులో నుంచి కేక వచ్చింది.

తాడు లాగింది. ఇద్దరూ లాగారు. కట్టతోపాటు ఈగల ముద్ద పైకొచ్చింది, కాలి రాలేవి రాలుతున్నా పట్టుకునే ఉంది. ఆర్పుదామంటే చేతికి అందదు. ఈదమ్మ చేతులు చాచింది. చెంపల మీద, కనురెప్పల మీద నిప్పులు గుచ్చుకున్నాయి. బయ్యన్న ఆమెను భుజంతో నెట్టి పడేశాడు.

"నువ్వు తాడు కాడ ఉండు. పిల్ల కింద ఉంది."

కట్ట ఉన్న కొసను కొడవలితో తెగ్గోసి, దాన్ని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని పరిగెత్తాడు. లోయకు అవతలి వైపు, బోదగడ్డి వాలు వైపు. తెల్లటి పొగ ముందు, నల్లటి మబ్బు వెనక. లోయలో ఉన్న ఈగలు కూడా పైకి లేచి ఆ పొగ వెంట పోయాయి. అతను ఒకసారి పడ్డాడు. లేచాడు. మళ్ళీ పరిగెత్తాడు. గడ్డి వాలు దిగి కనిపించకుండా పోయాడు. ఆ తర్వాత అటునుంచి పొగ ఒక్కటే చాలాసేపు పైకి వచ్చింది.

సాయంత్రం అతన్ని తెచ్చినప్పుడు కట్ట బూడిదైపోయి ఉంది. తాడు ఇంకా మణికట్టుకు ఉంది. వదిలేద్దామన్నా వదలకుండా ముడి వేసుకున్నాడు. ఆ ముఖం తమ్ముడిదని ఈదమ్మ చెవిపోగు చూసి గుర్తుపట్టింది.

స్టేజీ మీద పరిచిన ఎర్ర తివాచీనే చించి శవాల మీద కప్పారు.

రేణుక బతికింది. ముఖం కుండలా వాచి, మాట ముద్దగా వస్తోంది. హైమవతికి ఒక కన్ను పోయింది. ఎవరు పొగ పెట్టారని పోలీసులు ఆస్పత్రికి వచ్చి అడిగితే, నోరు తెరవబోయిన ఈదమ్మను చేత్తో ఆపి, "ఆ ఈగల్ని చేసింది నేను. ముందు నా పేరు రాసుకోండి" అంది హైమవతి.

వాళ్ళు పోయాక చెప్పింది. "పొగ పడదని ఆ రోజే తెలిసింది ఈదమ్మా. బోర్డు పెట్టాను. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే పెంటవాళ్ళు ఈగల్ని ఉండనివ్వరనుకున్నాను."

"నేనే చెప్పొద్దన్నానమ్మా" అంది రేణుక పక్క మంచం మీద నుంచి. "నీకు తెలిస్తే పనికి పంపవని."

ఈదమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

లోయలో మందు కొట్టిస్తామన్నారు అధికారులు. ట్యాంకర్లు వస్తాయట. కొడితే ఈగలతోపాటు చేపలూ నీటికుక్కలూ, పెంట తాగే నీళ్ళూ పోతాయి. పైగా ట్యాంకరు ఇంజను పొగ చాలు, ఈగలు ఇంకోసారి లేవడానికి. మోటార్లు నడిపేదీ, గొట్టాలు పట్టేదీ పెంట మగవాళ్ళే.

హైమవతి చెప్పింది ఒకటే దారి. తాను తెచ్చిన పట్టు గోడ మధ్య నెర్రెలో ఉంది. దాని రాణి ఈగను తీసేస్తే ఆ వాసన పోతుంది. మిగతా పట్లు మామూలు అడవి పట్లయిపోతాయి. పొగ ఉండకూడదు, యంత్రం ఉండకూడదు. చలికి ఈగలు మొద్దుబారి ఉండే తెల్లవారుజామున, ఒక్క మనిషి, మెల్లగా ఊపిరి విడుస్తూ దిగాలి. రాణిని చూస్తే గుర్తుపట్టే మనిషి కావాలి.

"నేను దిగుతా" అంది రేణుక.

"నన్ను ముందు ఆ కొండమీంచి తోసెయ్యి. తర్వాత దిగు" అంది ఈదమ్మ. "నాకు చూపించండి మేడమ్, రాణి ఎట్టా ఉంటదో. నేనే దిగుతా."

"నువ్వు రొప్పుతావమ్మా. భయంతో నువ్వు విడిచే ఊపిరి నలుగురి ఊపిరి. సగం దిగకముందే లేస్తాయి."

ఈదమ్మ ఇప్పుడు కూడా రొప్పుతూనే ఉంది.

"నువ్వు తాడు పట్టుకోవాలి" అంది రేణుక, వాచిన పెదాలతో మెల్లగా. "మామ లేడు. నాకింకెవరున్నారు?"

"నా చేతులు వణుకుతాయే."

"వణకనీ. వదలవుగా."

తెల్లవారుజాము. గోడ పైన పొగమంచు. ఈదమ్మ తాడును నడుముకు రెండు చుట్లు, మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుంది. తమ్ముడు కూర్చునే చోటే కూర్చుని, అతని మడమలు అరగదీసిన రాతిగుంటల్లో తన మడమలు ఆనించింది. వెనక ఎవరూ లేరు. మిగతావాళ్ళను హైమవతి దూరంగా ఆపేసింది.

రేణుక అంచు దాటింది. ముందు నడుము, తర్వాత తల కనబడకుండా పోయాయి, చివరికి తాడు మీద బరువు మాత్రం మిగిలింది.

ఈదమ్మ తలలో పోతయ్య పడ్డాడు. బయ్యన్న పడ్డాడు. ఎర్ర తివాచీ కింద రేణుక పాదాలు కనిపించాయి, పట్టీలతో సహా. రొప్పు మొదలవబోయింది. తన ఊపిరి ఈ గోడ వెంబడి కిందికి జారి బిడ్డ మీద పడుతుందనిపించింది. పమిట కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. ముక్కుతో, దారం తీసినట్టు, సన్నగా విడిచింది. మళ్ళీ పీల్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఇంత మెల్లగా ఊపిరి తీసింది లేదు.

కింద సర్రుమని చప్పుడు. అల.

లాగెయ్యాలని చేతులు లేచాయి. లాగితే తాడు పట్లకు రాసుకుంటుంది. లాగలేదు. కొంగును పళ్ళతో కొరికి పట్టుకుంది. నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చింది. ఒక ఈగ ఎగిరొచ్చి ఆమె పెదవి మీద వాలి, అటూ ఇటూ నడిచి, ముక్కు దగ్గర ఆగింది. ఈదమ్మ ఊపిరి బిగబట్టింది. ఈగ వెతుక్కుంది. ఎగిరిపోయింది.

అల ఆగింది.

తర్వాత ఏమీ లేదు. జలపాతం హోరు, మంచు, తాడు. ఎంతసేపో తెలియదు.

తాడు గుంజుకుంది. ఒకసారి. ఇంకోసారి.

ఈదమ్మ లాగింది. మణికట్టు చర్మం తాడుతోపాటు ఊడి వస్తున్నా లాగింది. మూర మూరకూ, తాడు తేలికైపోతుందేమోనని ఆమె ప్రాణం అరచేతుల్లోకి వచ్చి చూస్తోంది. తాడు తేలిక కాలేదు. బరువుగానే ఉంది. అంచు మీదికి నాలుగు వేళ్ళు వచ్చి రాయిని పట్టుకునేదాకా, వాటి పక్కనే రాణిని బిగించిన రెండో పిడికిలి ఆనేదాకా, బరువుగానే ఉంది.